గోదావరి మట్టం చెప్పిన పక్కింటి అన్న

పోయిన మంగళవారం పొద్దున ఆరున్నరకు మా పక్కింటి అన్న చనిపోయారు. వాళ్లబ్బాయి ప్రహరీ గోడ మీంచి నన్ను పిలిచి, "కాకా, బాపు పోయిండు" అన్నాడు. నేను అడగకముందే, "ఆరున్నరకు" అని కూడా అన్నాడు. ఆ ఇంట్లో పెరిగినవాళ్లు ఏ సంగతి చెప్పినా దానితో పాటు టైము చెబుతారు. ఏడుస్తూ కూడా ఆ అబ్బాయి అది మరిచిపోలేదు.

ఆయనకు అరవై నిండలేదు. ప్రభుత్వంలో నదుల నీటిమట్టాలు నమోదు చేసే సెక్షన్‌లో గుమాస్తాగా పనిచేసి, రిటైరై రెండేళ్లయింది. కిడ్నీలు పాడై నాలుగు నెలలుగా మంచాన ఉన్నారు. పాఠకులకు ఆయన తెలియదు. కానీ ఇన్నేళ్లుగా గోదావరి వరద గురించి నేను రాసిన ప్రతి వార్తలోనూ ఆయన చెప్పిన అంకె ఉంది. 'అధికార వర్గాల కథనం ప్రకారం' అని చదివినచోటల్లా మీరు చదివింది ఆయన మాటే. ఆయన అధికారి కాదు. ఒకసారి నేనా మాట అంటే, "అధికారి గాకపోతే ఏమాయె, వర్గమన్న అయిత గద?" అని నవ్వారు.

మా పరిచయం ఒక చీవాటుతో మొదలైంది. అరవైల చివర్లో నేను విలేకరిగా చేరిన కొత్త. నయాపూల్ దాటి పాతబస్తీలోకి వచ్చాక ఒక సన్నటి గల్లీలో గది అద్దెకు తీసుకున్నాను. పక్క వాటాలో ఎవరుంటారో ఇంకా తెలియదు. ఒకరోజు వరద వార్త కోసం ఆయన ఆఫీసుకు వెళ్లాను. బల్ల మీద ఆ రోజు మా పేపరు పరిచి ఉంది. నా వార్త చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీసి ఉంది.

"తమ్మీ, గిది నువ్వేనా రాసింది?"

"అవునన్నా."

"గోదావరి ఉగ్రరూపం అని రాసినవ్. ఉగ్రరూపం అంటే ఎన్ని అడుగులు?"

నేను పేపరు మీదికి వంగి నా వార్తే మళ్లీ చదువుకున్నాను.

"పెరుగుతున్నదా, తగ్గుతున్నదా?"

"తెల్వదన్నా."

"పోనీ, ఎన్ని గంటల మాట ఇది?"

అదీ తెలియదు.

"మరేం తెల్సని రాసినవ్? భద్రాచలంల చుట్టాలున్నోళ్లు ఇది సదివి ఏం జెయ్యాలె? ఏడ్వాలెనా, బస్సెక్కాలెనా?"

తర్వాత కుర్చీ చూపించి, రిజిస్టరు తెరిచి, ఓపిగ్గా చెప్పారు. నది పొడవునా రేవు మెట్ల దగ్గర అడుగులూ అంగుళాలూ చెక్కిన రాళ్లుంటాయి. వాటిని గేజీ రాళ్లంటారు. ఒక మనిషి పొద్దున ఆరింటికి మెట్లు దిగి, నీళ్లు ఏ గీత మీద ఉన్నాయో చూసి వైర్లెస్‌కి చెబుతాడు. ఎనిమిదింటికి అది హైదరాబాద్ చేరుతుంది. "ఆరు గంటల మాట నాకు ఎనిమిదింటికి తెలుస్తది. ఈ రెండు గంటల్ల గోదారి ఏం జేసిందో దానికే ఎర్క. అందుకే అంకె పక్కన టైం రాయకుంటే ఆ అంకె అబద్ధం" అన్నారు. ఆ సాయంత్రం గదికి వచ్చేసరికి పక్క గుమ్మంలో సైకిలు ఆనించి తాళం వేస్తున్నది ఆయనే. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. "ఇగ నువ్వు తప్పించుకోలేవు పో" అన్నారు.

అప్పటి నుంచి నా వార్తల్లో ఉగ్రరూపం లేదు. ఎంత, పెరుగుతోందా తగ్గుతోందా, ఎన్ని గంటలకు. మిగతాది రాయబోతే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

సైకిలు మీద ఆఫీసుకు పోతూ రోజూ నయాపూల్ నడుమ ఆగేవారు. ఒక కాలు కింద పెట్టి మూసీని చూసేవారు. ఎండాకాలం అందులో చూడ్డానికి ఏముంటుంది అంటే, "ఏం లేదని గూడ చూడాలె గద" అనేవారు. ఇంట్లో నల్లా నీళ్లు పట్టుకునే సిమెంటు తొట్టి లోపల కూడా మేకుతో గీతలు గీశారు. నల్లా రెండు రోజులకోసారి వచ్చేది. వదిన బట్టలు నానబెట్టబోతే ఆయన తొట్టిలోకి తొంగి చూసి, "నాలుగో గీత కిందికి దిగినయి. రేపటికి సాలవు" అనేవారు. వదిన గోదావరి జిల్లా మనిషి. పెళ్లై ఇన్నేళ్లు ఈ గల్లీలో ఉన్నా ఆమె మాట మారలేదు. "ఇంట్లోనూ లాంచీ నడుపుతారేంటండీ" అని బకెట్టు ముంచేది.

లాంచీ అంటే గుర్తొచ్చింది. మా గల్లీకి ఆయన నిజంగా ఉపయోగపడింది అక్కడే.

ఆ రోజుల్లో మా వైపు నుంచి భద్రాచలం పోవాలనుకునేవాళ్లలో కొందరు బస్సు మానేసి, రాత్రి రైల్లో రాజమండ్రి దిగి, అక్కడి నుంచి లాంచీలో కొండల మధ్యగా పైకి పోవాలని ముచ్చటపడేవారు. ఆ ముచ్చట ఏడాదిలో కొన్ని నెలలే తీరుతుంది. వరదలో లాంచీలు కట్టేస్తారు. ఎండాకాలం ఇసుక మేటలు తేలి, లాంచీ సగం దారిలో దింపేస్తుంది. ఈ సంగతులు రైలు స్టేషన్లో చెప్పరు. అందుకని ఆదివారం పొద్దున ఆయన అరుగు మీద జనం కూచునేవారు. సంతోష్‌నగర్ నుంచి, బహదూర్‌పురా నుంచి కూడా వచ్చేవారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవారు కాదు. టీ మాత్రం వాళ్లకే పోయించేవారు.

"ఎందరు పోతరు? ముసలోళ్లున్నరా? లాంచి దిగి ఇసుకల నడుస్తరా?" ముందు ఇవి అడిగేవారు. తర్వాత నెల. "దీపావళి దాటినంక పోండ్రి. అప్పటికి నీళ్లు దిగి ఉంటయి, ఇసుక బయటపడి ఉండదు." పైకి పోయేటప్పుడు ప్రవాహానికి ఎదురు, ఎక్కువసేపు పడుతుంది, వచ్చేటప్పుడు తక్కువ. నీళ్లు పల్చబడ్డ రోజుల్లో ముందు ఒక మనిషి గడ ముంచి లోతు చెబుతుంటే సరంగు లాంచీ నడుపుతాడు కాబట్టి, చీకటి పడితే ఎక్కడున్నది అక్కడే ఆపేస్తాడు. ఇవన్నీ చెప్పి చివర, "వాపస్ టికెట్ గా మరునాడే తియ్యకండ్రి. నడుమ ఒక దినం ఖాళీ పెట్టుండ్రి. ఆ దినం గోదారిది" అనేవారు.

మా గల్లీ మొగదల కిరాణా దుకాణం సేటు తాతల కాలం నుంచీ అక్కడివాడు. ఒక మాఘమాసంలో తల్లిని అంతర్వేదికి తీసుకుపోతానని వచ్చాడు. అంతర్వేది సముద్రంలో గోదావరి కలిసేచోటు. అక్కడ లెక్క వేరు. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి నదిలోకి నీళ్లు నెడుతుంది, రెండుసార్లు వెనక్కి లాక్కుంటుంది. లాంచీ పోటు మీద పోవాలి. ఆటు సమయంలో రేవు దగ్గర బురదే మిగులుతుంది. అన్న నర్సాపురంలో తెలిసినవాళ్లకు ఉత్తరం రాసి, సేటు చేరే రోజు పోటు ఎప్పుడు మొదలవుతుందో కనుక్కున్నారు.

"పదింటికి అన్నవు గద. నేను ఒక దినం ఆరాం జేసి మరునాడు పదింటికి ఎక్కుత."

"మరునాడు పదింటికి రాదు సేట్. ముప్పావు గంట లేటు. ఎల్లుండికి ఇంకో ముప్పావు గంట."

"ఏంది భాయ్, దరియా గూడ సర్కారీ నౌకరేనా, రోజింత లేటుగ వచ్చుడు?"

"లేటుగ వస్తది గని నాగా వెట్టదు. నేనైతే నాగా గూడ వెడ్త."

అరుగంతా నవ్వింది. సేటు విన్నాడు కానీ మనసులో పెట్టుకోలేదు. మరునాడు పదింటికే రేవుకు పోయాడు. లాంచీ బురదలో ఒరిగి పడుకుని ఉంది. ఇది చెడిపోయిందని తేల్చుకుని, తల్లిని ఒంటెద్దు బండి ఎక్కించి ఒడ్డు వెంట బయల్దేరదీశాడు. కొంతదూరం పోయేసరికి వెనక నుంచి కూత వినబడింది. నీళ్లొచ్చి, లేచి, జనంతో నిండి, ఆ లాంచీయే వాళ్ల బండిని దాటుకుంటూ పోయింది. "మా అమ్మ దానికి చెయ్యూపింది భాయ్! నా ఇజ్జత్ మొత్తం తీసింది" అని సేటే వచ్చి అరుగు మీద చెప్పుకున్నాడు. అన్న పొట్ట పట్టుకుని నవ్వడం నేను చూసింది ఆ రోజే.

ఆ రోజుల్లో ఆయన పొమ్మంటే జనం పోయేవారు, ఆగమంటే ఆగేవారు. ఆయనా అంతే నిక్కచ్చిగా చెప్పేవారు. అది ఎందుకు మారిందో నేను దగ్గరుండి చూశాను కాబట్టి రాయాలి.

వదినది రాజమండ్రికి ఎగువన, గోదావరి ఒడ్డున కొండల కింద ఒక చిన్న పల్లె. రోడ్డు లేదు. లాంచీయో పడవో ఎక్కాల్సిందే. ఉద్యోగంలో చేరిన కొత్తలో అన్నను ఆ ఊరి రేవులో గేజీ చదివే పనికి పంపారు. రోజూ ఆరింటికి ఆయన మెట్లు దిగేసరికి ఆమె బిందె ముంచుతూ ఉండేదట. నీళ్లు కదులుతున్నాయి, గీత కనబడ్డం లేదు, కాసేపు ఆగమని ఆయన రోజూ అడిగేవారట. "ఆగి ఆగి పెళ్లయిపోయింది" అని వదిన చెప్పేది.

డెబ్బైల మధ్యలో ఒక శ్రావణమాసం. ఎగువన వానలు వదలడం లేదు. నేను వాళ్ల అరుగు మీద ఉండగా టెలిగ్రాం వచ్చింది. అన్న అందుకుని ముందు దాని మీద టైము చూశారు. వదిన లాక్కుని చదివింది. తల్లికి బాగా లేదు, వెంటనే రమ్మని వాళ్లన్న ఇచ్చాడు. వాళ్ల ఊళ్లో తంతి లేదు. ఎవరో పడవలో కిందికి వచ్చి ఇచ్చిన తంతి అది.

"ఇది మొన్నటి మాట" అన్నారు అన్న.

"అయితే ఇంకా పెందలాడే బయల్దేరాలండీ" అంది వదిన.

లాంచీలు కట్టేశారని ఆయనకు ఆ పొద్దునే తెలుసు. అయినా బయల్దేరారు. పిల్లవాణ్ని సేటు ఇంట్లో విడిచారు. మా ఆఫీసు నన్నూ వరద వార్తలకు పంపింది కాబట్టి ముగ్గురం ఒకే రైల్లో రాజమండ్రి దిగాం. పోలవరం వైపు రోడ్డు నీళ్ల కింద ఉంది. రేవులో మెట్లు సగానికి పైగా మునిగాయి. లాంచీలన్నీ ఒకదానికొకటి కట్టి ఉన్నాయి. దగ్గర్లో ఒక సత్రంలో దిగాం.

పొద్దున ఆరింటికి అన్న మెట్లు దిగి గేజీ రాయి చూసేవారు. వదిన పైమెట్టు మీద నిలబడేది.

"తగ్గిందా అండీ?"

"లేదు."

రెండో రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. మూడో రోజు ఆమె అడగలేదు. ఆయన మెట్లెక్కి వస్తుంటే మొహం చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఆయన పోస్టాఫీసుకు పోయి తన ఆఫీసుకే ట్రంక్ కాల్ చేసేవారు. తన కుర్చీలో కూర్చున్న మనిషి, ఎగువ గేజీల అంకెలు చదివి వినిపించేవాడు. ఎగువన ఇవాళ పెరిగిన నీళ్లు రేపు రాజమండ్రి చేరతాయి. అంటే ఆ ఊళ్లో అందరికన్నా ఒక రోజు ముందు ఆయనకు సంగతి తెలుసు. మూడో రోజు పోస్టాఫీసు మెట్లు దిగుతూ, "ఇంకా రెండు దినాలు పెరుగుతది తమ్మీ" అన్నారు.

"వదినకు చెప్పినవా అన్నా?"

"అడిగితే చెప్త."

ఒక రోజు ముందు తెలియడం వల్ల ఆయనకు కలిగిన ప్రయోజనం ఏమీ లేదు. ఒక రోజు ముందుగా బాధపడ్డారు, అంతే.

ఆ మధ్యాహ్నమే ఒక పడవ బయల్దేరింది. పడవవాడు వదిన వాళ్ల పక్క పల్లెవాడు. బియ్యం, కిరసనాయిలు డబ్బాలు, ఊళ్లకు పోవాల్సిన ఐదారుగురు మనుషులు. వదినను గుర్తుపట్టి పలకరించాడు. "చెల్లెమ్మా, అమ్మకి బాలేదంటగా. రా, ఎక్కెయ్. ఒడ్డొడ్డునే పోతాం. మూడ్రోజుల్లో మీ రేవులో దింపేత్తాను." మేం చేరేసరికి ఆమె సంచీ అప్పటికే పడవలో ఉంది. ఒక కాలు బల్లచెక్క మీద ఉంది.

అన్న చెయ్యి పట్టుకున్నారు.

"వొదలండి. నేనీ నీళ్ల పక్కన పుట్టానండీ."

"నువ్వు పుట్టిన నీళ్లు గావు ఇవి. ఇవి పైనుంచి వస్తున్నయి. రేపు ఇంకా ఉంటయి, ఎల్లుండి ఇంకా ఉంటయి. నేను అంకెలు సూసిన."

"అంకెలు కాదండీ, అక్కడ మా అమ్మండీ."

"నాకు తెల్వదా?"

పడవవాడు గడ పట్టుకుని నిలబడ్డాడు. వదిన నా వైపు చూసింది. ఆ ఇద్దరి మధ్య మూడో మనిషిని నేనే. పోస్టాఫీసులో ఆ అంకెలు నేనూ విన్నాను, నోట్‌బుక్కులో రాసుకున్నాను.

"అన్న చెప్పింది నిజమే వదినా" అన్నాను.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది. సంచీ ఆమే అందుకుంది. పడవ పోయింది.

అన్న లెక్క ప్రకారమే నీళ్లు ఇంకో రెండు రోజులు పెరిగాయి. ఆ రెండు రోజుల్లో వేరే చోట పడవలు తిరగబడిన వార్త కూడా నేనే పంపాను. తొమ్మిదో రోజు మొదటి లాంచీ వదిలారు. నేనూ ఎక్కాను. ఒడ్డు వెంట చెట్లకు మనిషెత్తు మీద చెత్త వేలాడుతోంది. లాంచీ వాళ్ల రేవు వైపు తిరిగేసరికి మెట్ల మీద వదిన వాళ్లన్న నిలబడి ఉన్నాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

అతని వెనక పడవవాడు ఉన్నాడు. పడవ మూడో రోజున చేరింది. తల్లి ఆ తర్వాత ఇంకో రెండు రోజులు బతికింది. కూతురు రాజమండ్రి దాకా వచ్చిందని పడవవాడు చెబితే, మంచం రేవు కనబడేలా తిప్పించుకుందట.

అన్న ఏ రేవులో దిగినా ముందు గేజీ రాయి చూసేవారు. ఇరవై ఏళ్ల వయసులో తాను రోజూ చదివిన రాయి అక్కడే, ఒండ్రు పూసుకుని ఉంది. ఆ రోజు ఆయన దాని వైపు చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు లాంచీలో నాతో అన్నది ఒక్కటే. "పడవ చేరిందని లెక్క తప్పు గాదు తమ్మీ. లెక్క తప్పు గాదని..." వాక్యం పూర్తి చేయలేదు. నేనూ పూర్తి చేయలేకపోయాను. నేను వదినతో అన్నది నిజమే. ఇన్నేళ్లలో దాన్ని సరిదిద్దడానికి పనికొచ్చే వాస్తవం ఒక్కటీ నాకు దొరకలేదు.

ఆ ఏడు దీపావళి తర్వాత మళ్లీ జనం అరుగు మీదకు వచ్చారు. సేటు కూతురూ అల్లుడూ భద్రాచలం పోవాలి. అన్న ఆ రోజు మట్టం చెప్పారు, గంట చెప్పారు, తగ్గుతోందని చెప్పారు. అక్కడితో ఆపేశారు.

"అంకె నాకెందుకు భాయ్? పంపాల్నా ఒద్దా, గది చెప్పు."

"అంకె నా పని సేట్. పంపుడు, ఆపుడు నీ ఇష్టం."

"ఏంది, గట్ల చేతులు దులుపుకుంటవ్? ఇన్నేండ్లు చెప్పినవ్ గద!"

"ఇన్నేండ్లు చెప్పిన. ఇగ చెప్ప."

సేటు అలిగి లేచిపోయాడు. లోపల గుమ్మం పక్కన వదిన బియ్యం చెరుగుతోంది. చేట చప్పుడు ఒక్క క్షణం ఆగింది, మళ్లీ మొదలైంది. తర్వాత్తర్వాత జనం తగ్గారు. పొమ్మనో ఒద్దనో చెప్పని మనిషి దగ్గర ఎంతసేపు కూచుంటారు? బస్సులు కూడా పెరిగాయి.

వదిన ఆయన్ని ఎన్నడూ ఏమీ అనలేదు. అంటే బాగుండేదని ఆయన మొహంలో నాకు చాలాసార్లు కనబడింది. ఒక్కసారి మాత్రం గల్లీలో ఒకామె, "మీ ఆయన మాట విని అప్పట్ల ఒక వానకాలం ఆగినం వదినా, మంచిగైంది" అంటే, వదిన, "ఆగినవాళ్లు ఎవరూ మునగరమ్మా" అని లోపలికి పోయింది. అన్న అరుగు మీదే ఉన్నారు. చేతిలో పేపరుంది. ఆ తర్వాత చాలాసేపు ఆ పేజీ తిరగలేదు.

ఈ చలికాలం ఆయన కాళ్లకు నీరు దిగింది. ఆసుపత్రిలో చేర్చాం. తాగే నీళ్లు రోజుకు ఇన్ని అని కొలత పెట్టారు. డాక్టరు వస్తే ఆయన అడిగేది ఒక్కటే: "పెరుగుతున్నదా, తగ్గుతున్నదా డాక్టర్ సాబ్?" డాక్టరు మంచివాడు. "ఒక్కోరోజు ఒక్కోలా ఉంది. చూద్దాం" అనేవాడు. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. చివరికి ఒకరోజు, ఇక్కడే ఉంచవచ్చు, ఇంటికి తీసుకుపోవచ్చు, రెండింట్లో ఏది మంచిదో తాను చెప్పలేనన్నాడు.

అన్న వదిన వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. ఉందామా, పోదామా?"

నాకు తెలిసి ఆమెను ఆయన అలా అడగడం అదే మొదటిసారి. అబ్బాయి ఏదో అనబోతే చేత్తో ఆపారు. నేను నోరు తెరవలేదు. తెరవాల్సిందేమో తెలియదు. వదిన చాలాసేపు ఆయన కాళ్లు చూసింది. వేలితో నొక్కితే పడిన గుంట మెల్లగా పూడుతోంది.

"ఇంటికి పోదామండి" అంది.

"సరే" అన్నారు. అంత తేలిగ్గా ఆయన దేనికీ సరే అనలేదు.

ఇంటికి వచ్చిన ఆరో రోజున పోయారు.

అస్థికలు తెచ్చిన రోజు వదిన నన్ను పక్కకు పిలిచింది. "అక్కడే ఉంచితే ఇంకొన్నాళ్లు ఉండేవారా తమ్ముడూ?" నేను డాక్టరును మళ్లీ వెళ్లి అడిగాను. చెప్పలేమన్నాడు. అదే వచ్చి ఆమెకు చెప్పాను. ఇరవై ఏళ్లు వార్తలు రాసినవాణ్ని, ఆ ఇంటికి సంబంధించి రెండుసార్లు రెండు ప్రశ్నలు వచ్చాయి. మొదటిదానికి జవాబు తెలిసి చెప్పాను. రెండోదానికి తెలియక చెప్పలేదు. దేనివల్లా ఎవరికీ ఒరిగింది లేదు.

అస్థికలు తన పుట్టింటి రేవులోనే కలపాలని వదిన పట్టు. ఆయన గేజీ చదివిన ఆ మెట్ల దగ్గర. నన్ను సెక్షన్‌కు ఫోన్ చేయమంది. చేశాను. వైశాఖమాసం. ఆ రేవుకూ ప్రవాహానికీ మధ్య ఇప్పుడు పెద్ద ఇసుక మేట ఉంది. లాంచీ దగ్గరకు రాదు. నీళ్లు మెట్లు తాకాలంటే ఆషాఢం రావాలి. అంకె, టైము చెప్పి ఊరుకున్నాను.

అబ్బాయికి సెలవు అయిపోవస్తోంది. "అమ్మా, బస్సుల భద్రాచలం పోదాం. అది గూడ గోదారే గద. మంత్రాలు సదివిన అయ్యగారు గూడ పర్వాలేదన్నడు."

"గోదారే. మా రేవు కాదు."

"రెండు నెల్లమ్మా! అన్ని దినాలు ఎట్లాగుతవ్?"

"ఆగడం నాకు వచ్చురా" అంది వదిన.

అస్థికల కుండను ఇంట్లోకి తేకూడదు కాబట్టి, గల్లీ వైపు గోడకు, చూరు కింద ఒక మేకు కొట్టి దానికి వేలాడదీశారు. కొత్త కుండ. మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంది. పగలు ఎండ గోడ మీదకు వచ్చినప్పుడు వదిన లేచి ఒక గోనెపట్టా అడ్డం కడుతుంది. ఎండ పోయాక విప్పుతుంది.

ఇప్పుడు ముంజల కాలం. మధ్యాహ్నం తోపుడుబండివాడు గల్లీ మొగదల నుంచి "ముంజల్... ముంజల్" అని గట్టిగా అరుస్తూ వస్తాడు. ఆ గోడ మొదలయ్యేచోట అరుపు ఆపేస్తాడు. గోడ పొడవునా బండి చక్రాల చప్పుడే వినబడుతుంది. దాటాక కూడా ఇంకో రెండిళ్లు అలాగే పోయి, అప్పుడు మళ్లీ అందుకుంటాడు.